ఖాజా రుద్దిన ఇనుప ముక్క

నిన్న పొద్దున డ్యూటీలో ఉన్నాను. మెషీన్ల చప్పుడులో ఫోన్ వినపడలేదు. చూసేసరికి నాలుగు మిస్డ్ కాల్స్. అన్నీ నా దోస్తు ఖాజా నంబర్ నుంచే.

తిరిగి చేస్తే ఎత్తింది వాడి కొడుకు.

"కాకా, అబ్బా ఇగ లేడు."

"ఎవరి అబ్బా?" అని అడిగాను. అంత మొద్దుబారింది బుర్ర.

రోజూలాగే దుకాణం షటర్ తీశాడట. స్టూల్ మీద కూర్చుని అట్లాగే పక్కకు ఒరిగాడట. దవాఖానకు తీసుకుపోయే టైం కూడా ఇవ్వలేదు.

సాయంత్రానికి సిద్దిపేట చేరి, మట్టి ఇచ్చి వచ్చాను.

పోయిన రంజాన్‌కు వస్తానని చెప్పి రాలేదు నేను. ఓవర్‌టైం అన్నాను. అది అబద్ధం. బద్ధకం.

ఈ పోస్ట్ ఏడవడానికి రాయడం లేదు.

ఖబరస్తాన్ గేటు దగ్గర ఒక మాట విన్నాను. జవాబు చెప్పే జాగ కాదని నోరు మూసుకున్నాను. ఇక్కడ చెప్తున్నాను.

అన్నవాడు చిన్నప్పుడు మాతో తిరిగినవాడే. ఇప్పుడు ప్లాట్లు అమ్ముతాడు. "మస్తు తెలివిగల్లోడు. గా ఇంజనీరింగ్ సీటు పట్టుకుంటే ఏడనో ఉండేటోడు. ఐటీఐల వడి ఖరాబ్ అయిండు" అన్నాడు.

పక్కనున్నవాళ్లు తలలూపారు.

తొంభైల మొదట్లో సంగతి. ఖాజా ఇంటర్ ఫస్ట్ క్లాస్. ఇంజనీరింగ్‌కు ర్యాంకు కూడా వచ్చింది. కానీ నాలుగేళ్లు హైదరాబాద్‌లో ఉండాలి. ఫీజు, హాస్టల్, పుస్తకాలు. వాళ్ల అబ్బా రేకు డబ్బాలు, బొక్కెనలు చేసి అమ్మేవాడు. ఇంట్లో ఆరుగురు.

ఐటీఐ అయితే రెండేళ్లు. ఫీజు పేరుకే. సైకిల్ మీద పోయి, మధ్యాహ్నం ఇంటికొచ్చి తినొచ్చు. ఫిట్టర్ ట్రేడ్‌లో చేరాడు. గతిలేక కాదు. ఆలోచించుకుని చేరాడు.

చాయ్ హోటల్లో అందరూ వాడితో ఆడుకున్నారు. ఫస్ట్ క్లాసోడు సుత్తె పట్టిండని.

వాడు నవ్వి అన్నాడు: "నీ ఇంటి తలుపు ఊడితే నీ డిగ్రీని పిలుస్తవా, నన్ను పిలుస్తవా?"

నేనప్పుడు కోహెడ నుంచి వచ్చి వెల్డింగ్ షెడ్‌లో పని చేస్తున్నాను. పంతొమ్మిదేళ్లు. పదో క్లాసుతో చదువు బంద్. చూసి నేర్చుకున్న పని. ఎవడేం చెప్పినా కోపమే.

ఒకరోజు ఖాజా జేబులోంచి అరచేయంత ఇనుప ముక్క తీశాడు. మొదటి మూడు నెలలు ఐటీఐలో వాడితో చేయించింది అదొక్కటే. ఆకురాయితో రుద్దడం. మూలమట్టం చూసే గునియాను మూలకు ఆనించడం. కిటికీ వైపు ఎత్తి చూడడం. ఇనుముకూ గునియాకూ మధ్య దారమంత వెలుతురు కనిపించినా మళ్లీ రుద్దాలి.

మా షెడ్‌లో ఇంత నిదానంగా చేస్తే ఒక్క రోజులో వెళ్లగొడతారన్నాను.

వాడు పట్టించుకోలేదు. షెడ్‌లో పని చేసిన అనుభవం చూపిస్తే ప్రైవేటుగా ట్రేడ్ టెస్ట్ రాయొచ్చని చెప్పి, ఫారం వాడే నింపి, నాతో సంతకం పెట్టించాడు.

ప్రాక్టికల్ రోజు అలాంటి ముక్కే ఇచ్చారు. అందరికంటే ముందే ముగించాను. మిగిలిన టైంలో ఎమరీ పేపర్ తీసి ముక్కను అద్దంలా మెరిపించాను. షెడ్‌లో అలవాటు అది. గేటు మెరిస్తేనే గిరాకీ మెచ్చుకుంటాడు.

ఎగ్జామినర్ ఆ మెరుపు చూడనే లేదు. గునియా పెట్టి కిటికీ వైపు ఎత్తాడు.

అంచుల దగ్గర వెలుతురు. సరిగ్గా వచ్చిన అంచులను ఎమరీతో నేనే అరగదీసుకున్నాను.

ఫెయిల్.

బయటికొచ్చి ఖాజాను, వాడి ఐటీఐని రోడ్డు మీదే బూతులు తిట్టాను. మర్నాడు వాడు షెడ్‌కు వచ్చి నా ఎమరీ పేపర్లన్నీ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"నీ చేతిల పనున్నది. మెరుపు వెట్టి దాన్ని దాస్తున్నవ్. ఇగ రుద్దు."

ఏడాదంతా ప్రతి ఆదివారం రుద్దించాడు.

ఆ ఏడాదే వాడికి పెద్ద ఫ్యాక్టరీ నుంచి అప్రెంటిస్ కాల్ లెటర్ వచ్చింది. అదే నెలలో వాళ్ల అబ్బా కుడిచేతి మీద, డబ్బాల అతుకులకు కరిగించిన సీసం పడింది. వేళ్లు ముడుచుకుపోయాయి. కొన్నాళ్లే అని ఖాజా దుకాణంలో కూర్చున్నాడు.

లెటర్ గడువు పోయింది. ఆ స్టూల్ మీంచి వాడు మళ్లీ లేవలేదు.

రెండోసారి నేను పాసయ్యాను. ఆ సర్టిఫికెట్ పట్టుకునే పటాన్‌చెరు ఫ్యాక్టరీకి వచ్చాను. ఈ రోజుకూ దాని మీదే తింటున్నాను. వాడు పోవాల్సిన దారిలో నేను పోయాను. వాడు అక్కడే ఉండిపోయాడు.

ఇప్పుడు చెప్పు, ప్లాట్ల దొరా. వాడు ఇంజనీరింగ్‌లో ఉంటే ఆ సీసం పడకపోయేదా? చదువు సగంలో వదిలేసి, చేతిలో ఏమీ లేకుండా అదే స్టూల్ మీద కూర్చునేవాడు. ఫిట్టర్ కాబట్టి ఆ రేకు దుకాణంలోనే ఊరి మోటర్లన్నీ బాగుచేశాడు. మీ బావి మోటర్ కూడా. మరిచిపోయినట్టున్నావు.

వాడిని ఐటీఐ ముంచలేదు. ఇల్లు నిలబెట్టడానికి వాడే ఆగిపోయాడు.

నిన్న బయల్దేరేముందు వాడి కొడుకు చిన్న గుడ్డ మూట తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నేను పోతే కాకాకియ్యి అనేటోడు" అన్నాడు.

అదే ముక్క. నూనె వాసన. ఇన్నేళ్లలో ఎక్కడా తుప్పు పట్టనివ్వలేదు.

ఇవాళ పొద్దున కిటికీ దగ్గర నిలబడి నా గునియా పెట్టి చూశాను. ఒక్కో మూల. నాలుగూ.

ఎక్కడా వెలుతురు రాలేదు.

గునియా తిప్పి పెట్టి మళ్లీ చూశాను. రాలేదు.

ఖరాబ్ అయినోడి పని ఇట్లా ఉండదు.

ఇక పడుకో ఖాజా. షటర్ నీ కొడుకు తీస్తాడు. రంజాన్‌కు వస్తాను, ఈసారి అబద్ధం కాదు.

ఆ అల్లా నీకు నిమ్మళం ఇవ్వాలి.