కణుపుల మీద వేల్స్ పద్యం

పున్నయ్యను ఒకప్పుడు సొంత ఊళ్లో పద్యసభ వేదిక మీంచి దింపేశారు. "ముందు డిగ్రీ తెచ్చుకో, తర్వాత పద్యం చదువుదువుగాని" అన్నాడు అధ్యక్షుడు. ఇప్పుడాయన డబ్లిన్‌లో, బోమాంట్ ఆసుపత్రి వంటగదిలో పళ్లాలు కడుగుతాడు. లాక్‌డౌన్ వచ్చాక ప్రతి సాయంత్రం మోచేతులదాకా సబ్బుతో తోముకుని, ముక్కు మీద మాస్కు గీత చెరగకముందే ఫోను ముందు కూర్చునేవాడు. మధ్యయుగపు వేల్స్ కవిత్వం మీద ఉచిత జూమ్ క్లాసు అది. ఆ భాష ఆయనకు ఒక్క ముక్క రాదు. కానీ పాదం మొదటి సగంలోని హల్లులే అదే వరుసలో రెండో సగంలోనూ రావాలని విన్నరోజు, "ఇవి మన యతిప్రాసలకి చుట్టాలయ్యా!" అని గదిలో గంతులేశాడు.

ఒకరోజు టీచరమ్మ, రాతప్రతిలో చివరిమాట చెరిగిపోయిన పాదమొకటి చదివి, అక్కడ ఏముండేదో చెప్పమంది. అందరూ నిఘంటువులు తిరగేస్తుంటే పున్నయ్య బొటనవేలు, హల్లులు లెక్కపెడుతూ, వేళ్ల కణుపుల మీద పరుగెత్తింది. "అర్థం తెలీదు మేడమ్. ముందు ద, తర్వాత ర రావాలి" అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో. ఆవిడ ఒక మాట వేసి చూసింది. అతికినట్టు సరిపోయింది. "గ్రాండ్, పున్నయ్యా! తర్వాతి పాదమూ మీరే చూడండి!" అని అరిచింది. మొన్న బస్‌స్టాపులో పున్నయ్య నాకు కనిపించి, రెండు మీటర్ల అవతలి నుంచే చేతులూపాడు. "డిగ్రీ అడగలా తమ్ముడూ! తర్వాతి పాదం అడిగింది!"