గైరాన్‌కు కాపలా

మా మామ భూమిని కాపాడే పని నెత్తికెత్తుకున్న నాటినుంచి నాకు పొయ్యి దగ్గర నడుము ఎత్తే తీరిక లేకుండా పోయింది. భూమిని కాపాడటం మంచి పనే, నేను కాదనను. కానీ దాని గురించి మాట్లాడుకోవడానికి ఊళ్లో మగవాళ్లంతా మా అరుగు మీదికే రావాలా? మట్టి కొట్టుకుపోతోందన్న మాట తేలడానికి ఒక గిన్నెడు చాయ్, రాళ్లు ఎవరు మోయాలన్న దానికి ఇంకో గిన్నెడు. తీరా రాళ్లు మోయడం మొదలయ్యేసరికి మా ఇంట్లో చక్కెర డబ్బా అడుగు కనిపించింది.

మాది దెగ్లూర్ నుంచి ఎస్టీ బస్సులో వచ్చి, సడక్ మీద దిగి, ఇంకా కొంత నడవాల్సిన ఊరు. ఇంట్లో తెలుగు, కచేరీలో మరాఠీ. ఊరి పశువులన్నీ మేసే ఉమ్మడి బీడును గైరాన్ అంటాం. పెద్ద కరువులో దాని మీద గడ్డిపోచ మిగల్లేదు. తర్వాత వానలు పడితే ఉన్న కాస్త మట్టీ వాగులోకి పోయింది.

అప్పుడు మా మామ, ఆయన ఈడువాళ్లు కొందరు కలిసి మండలి పెట్టారు. జీతం లేదు, భత్యం లేదు. మా వైపు అమావాస్య నాడు ఎడ్లకు అరక కట్టరు, మనుషులకూ పని ఉండదు. కాబట్టి ప్రతి అమావాస్యకూ శ్రమదానం: వాలుకు అడ్డంగా మట్టికట్టలు పోయడం, చుట్టూ రాతిగోడ పేర్చడం. గడ్డి లేచేదాకా ఏ పశువూ లోపలికి పోకూడదు. పోతే కొండ్వాడకు, అదే బందెలదొడ్డికి, తోలేస్తారు. దసరా తర్వాత గడ్డి కోసి ఇంటింటికీ సమానంగా వంతులు. ఇదీ కాయిదా.

పొలాలున్నవాళ్లం, మాకేం. చొప్ప ఉంది, గట్ల మీద గరిక ఉంది. నిజంగా ఇరుకున పడింది మా పక్కింటి అక్క. భర్త పోయాడు, గుంటెడు భూమి లేదు, ఉన్నది ఒక్క బర్రె. దాని పాలు సడక్ మీది హోటల్‌కు పోస్తే ఇల్లు గడిచేది. ఆ బర్రె గైరాన్ మీద మేసే పెరిగింది. అయినా మండలికి అందరికంటే ముందు సరేనన్నది ఆమే.

"రెండేండ్లు ఎట్లనో సాదుకుంట చెల్లె. గడ్డి లేస్తే దానికే గద మంచిది," అన్నది నాతో.

పరుల చేలల్లో కలుపు తీసి, ఆ కలుపునే మూటగట్టుకొచ్చి బర్రెకు వేసేది. ఒకసారి బర్రె పలుపు తెంచుకుని గైరాన్‌లో దూరింది. నోటినిండా మేసిందో లేదో, మండలి పెద్దమనుషులు దాన్ని కొండ్వాడకు తోలేశారు. ఆమె దండుగ కట్టి విడిపించుకొచ్చింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. కానీ కోడలిని కదా, మామతో ఎదురుపడి మాట్లాడకూడదు. తలుపు చాటున నిలబడి గడపకు చెప్పినట్టు చెప్పాలి.

"గా కాయిదా బర్రెకేనా, అందరికా?" అని గడపను అడిగాను.

"అందరికి," అన్నాడు మామ అరుగు మీదినుంచి.

రెండో ఏడు వానలకు గడ్డి మోకాలెత్తు లేచింది. అక్క రోజూ చేనుకు పోతూ గోడ అవతలినుంచి దాన్ని చూసి పోయేది. బర్రె డొక్కలు ఎండిపోయాయి, పాలు తగ్గాయి, హోటలాయన సణుగుతున్నాడు. దసరా దాకా ఆగితే చాలు, గట్టెక్కుతానని ఆమె లెక్క.

దసరాకు ముందు పోలా వచ్చింది. శ్రావణ అమావాస్య, ఎడ్ల పండుగ. ఆ రోజు ఎద్దే దేవుడు. కాడి పెట్టరు, కట్టె ఎత్తరు, గట్టిగా కసరను కూడా కసరరు. అదీ అమావాస్యే కాబట్టి మండలికి శ్రమదానం ఉండాలి. పండుగ నాడెందుకురా అని ఒక్కరన్నా అన్నారా? నియమం తప్పొద్దని పొద్దున్నే పోయారు. వాగువైపు గోడ ఉబ్బింది, గట్టిగా పేర్చాలని విప్పారు. రాళ్లన్నీ నేల మీద పరిచాక గుర్తొచ్చింది, ఎడ్లను కడగాలని, కొమ్ములకు రంగులు వేయాలని. గోడను అట్లాగే వదిలేసి ఎవరి ఎడ్లకోసం వాళ్లు ఇళ్లకు ఉరికారు.

ఎడ్లను కడిగేది ఆ వాగులోనే. పోలా నాడు పాత ముక్కుతాళ్లు తీసేసి, కడిగి, కొత్తవి ఎక్కిస్తారు. అంటే ఊరి ఎడ్లన్నీ ఒక్కసారే తాళ్లు లేకుండా విప్పిన గోడ ముందుకు వచ్చాయి. మొట్టమొదట లోపలికి నడిచింది మా ఇంటి ఎద్దే. దాని వెనక మిగతావన్నీ.

పసుపు గిన్నె పట్టుకుని నేను పోయేసరికి మండలి మొత్తం గోడ దగ్గర నిలబడి బతిమాలుతోంది.

"రా నాయ్నా, రా. మా తండ్రివి గద."

తండ్రి వింటాడా? మోకాలెత్తు గడ్డిలో తలకాయ ముంచాడు, ఇక ఎత్తడే. నానిన మట్టికట్టలు గిట్టల కింద జారిపోతున్నాయి. నాకు తలుపూ గడపా అన్నీ మరుపొచ్చాయి.

"చూసుకుంట నిలబడ్డరేంది? కట్టెలు పట్టున్రి. ఒక్కదానికి తాకితే అన్ని బయటికి అస్తయి," అన్నాను మామ ముఖం మీదే.

కోడలు ఎదురుపడి మాట్లాడిందని కూడా ఆయనకు తోచలేదు.

"పోలా నాడు ఎద్దు మీద చెయ్యెత్తుతరా? ఏడాదంత మనకు చేసినయి. ఒక్క పూట తిననియ్యి."

అప్పటికి అక్క కూడా వచ్చి నిలబడింది.

"కొండ్వాడకు తోలుతరా పటేలా?" అని మామను మెల్లగా అడిగింది.

"ఇయ్యాల ఎట్ల తోలుతం? పండుగాయె."

"ఔ. ఎడ్లకు పోలా ఉన్నది, బర్రెకు లేకపాయె," అన్నది. ఎత్తిపొడిచినట్టు కూడా అనలేదు.

కడుపులు నిండాక, తమకు తోచినప్పుడు ఎడ్లు బయటికి వచ్చాయి. సాయంత్రం ఊరేగి మా వాకిట్లోకి వస్తే పళ్లు కొరుక్కుంటూ హారతి ఇచ్చాను. తర్వాత పడిన గట్టి వానకు తెగిన కట్టల గుండా నీళ్లు దూకి మట్టినంతా కోసేశాయి. దసరా తర్వాత ఇంటికి చంకలో పట్టేంత గడ్డి వచ్చింది. మండలి మళ్లీ మా అరుగు మీద కూర్చుంది. ఇకమీదట పోలా నాడు గోడ విప్పొద్దని తీర్మానించింది. ఆహా, ఎంత తెలివి! మన వంతు అక్కకు ఇచ్చేయమని గడపకు చెప్పాను. ఒకరికి ఎక్కువిస్తే సమానం ఎట్లవుతుందని అరుగు అన్నది.

మామ చెడ్డవాడు కాదు. నా చిరాకంతా అక్కడే. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఎండలో రాళ్లు మోసి చేతులు పుండ్లు చేసుకున్న మనిషిని ఏమని తిట్టేది?

నేను చాటుగా అక్క బర్రెకు వేసిన చొప్ప ఎన్నాళ్లొస్తుంది? దీపావళికి ముందు అక్క బర్రెను దెగ్లూర్ బజారుకు తోలుకుపోయింది. పొద్దుగూకే వేళకు పలుపు మాత్రం చేతిలో పట్టుకుని బస్సు దిగి వచ్చింది.

మండలి కట్టలు మళ్లీ పోసింది, గోడ మళ్లీ పేర్చింది. మరుసటి ఏడు గైరాన్‌లో గడ్డి నడుమెత్తు లేచింది. తాలూకా నుంచి సాహెబు వచ్చి చూసి మండలిని మెచ్చుకుని పోయాడు. దసరా వెళ్లింది, ఇంటింటికీ వంతులు వేశారు. కాయిదా ప్రకారం అక్క వంతు అక్కకు ఇచ్చారు, నిండు మోపు. ఆమె కోసుకుంది, కట్టుకుంది, నెత్తిన పెట్టుకుని తన వాకిలి దాటి మా వాకిట్లోకి వచ్చి మా ఎడ్ల ముందు దించింది.

"ఇదేంది? నీ వంతు గద," అన్నాడు మామ.

"నేనేం జేసుకుంట పటేలా, గడ్డి?"

తలుపు చాటునుంచి నేను చూస్తూనే ఉన్నాను. ఇప్పుడన్నా నాలుగు మాటలు అంటుందని, అడిగి కడిగేస్తుందని నా ఆశ. ఆమె కట్టు విప్పి గడ్డిని ఎడ్ల ముందు పలచగా పరిచింది. మెడ మీది నుసి కొంగుతో దులుపుకుంది.

"ఇంక నీళ్లు తాగనట్టున్నయి. తాపున్రి," అని ఇంటికి పోయింది.