చూడకుండా పాస్ చేసిన హెడ్డు

1955 మొదట్లో నన్ను కర్నూలుకు వేశారు. హోదా సర్కారు వ్యవసాయ శాఖలో రెండో తరగతి మెకానిక్. రైతులు బావుల మీద పెట్టుకున్న ఆయిల్ ఇంజన్లను తనిఖీ చేయాలి. పాత సామాను కొనుక్కునేవాళ్లకు అది పనికొస్తుందో లేదో చూసి కాగితం రాసివ్వాలి. నా పైన ఒక సూపర్‌వైజరు ఉండేవాడు. ఆయన పేరు రాయను. రాస్తే మాట పడేది ఆయన పిల్లలు, వాళ్లు నాకేమీ చేయలేదు.

ఆ ప్రాంతంలో ఇంజన్లకు ముందుగా చెడేది సిలిండర్ హెడ్డు. సిలిండర్ పైన మూతలాగా బిగించే పోత ఇనుప దిమ్మ అది. వాల్వులు రెండూ అందులోనే ఉంటాయి, చల్లబరిచే నీళ్లు దాని కడుపులోని దారుల గుండా పోతాయి. మా బావుల నీళ్లు ఉప్పన. కాగేకొద్దీ ఆ దారుల్లో సున్నం పేరుకుంటుంది, నీళ్లు కదలవు, ఇనుము కాగి పగులుతుంది. కొత్త హెడ్డు మద్రాసు నుంచి రావాలంటే నెలలు పట్టేది. అందువల్ల రైతులు పాతవాటికోసం ఎగబడేవాళ్లు.

కర్నూలులో పాత హెడ్లు అమ్మే అంగడి ఒకటి ఉండేది. ఒకరోజు సూపర్‌వైజరు ఆ అంగడి నుంచి పదకొండు హెడ్లకు కాగితాలు తెచ్చి నా ముందు పెట్టాడు. హెడ్లు మా ఆఫీసు షెడ్డు బయట బండిలో ఉన్నాయి. అన్నిటికీ వెండి రంగు పూసి ఉంది. దించి పరీక్ష చేస్తానన్నాను. అంగట్లోనే చేశారు, బండి నిలబడి ఉంది, సంతకం పెట్టమన్నాడు. నేను చేరి రెండు నెలలు కాలేదు. పెట్టాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని పెట్టించలేదు.

మూడు వారాల తరువాత పత్తికొండ పక్క పల్లె నుంచి ఫిర్యాదు వచ్చింది. రామక్క అనే ఆమె ఇంజను ఆగిపోయింది. భర్త పోయాక సేద్యమంతా ఆమే చూసుకునేది. బావి కింద ఎకరా ఎర్రగడ్డలు, అంటే ఉల్లి, పెట్టింది. గడ్డ ఊరే సమయం, నాలుగు రోజులకొక తడి తప్పనిసరి. నేను వెళ్లేసరికి తడి అందక తొమ్మిది రోజులైంది. ఆకు కొసలు పండిపోయి వాలుతున్నాయి.

ఇంజన్లో నూనె చూశాను. మజ్జిగలాగా తెల్లగా ఉంది. నూనెలో నీళ్లు కలిశాయంటే హెడ్డు పగిలిందని అర్థం. విప్పి చూస్తే వెండి రంగు కాలిపోయినచోట ఏదో మెత్తిన ముద్ద ఊడిపోయి ఉంది.

రామక్క ఇంట్లోకి పోయి మడత పెట్టిన కాగితం తెచ్చింది.

"దీని మింద సంతకం ఎవురిదప్పా?" అని అడిగింది.

"నాదేనమ్మా."

ఆమె కాగితం మళ్లీ మడిచింది. "నాకు సదువు రాదు. అంగడాయప్ప మాట నమ్మల్యా. సర్కారోల్లు చూసినారంట కదా అని తీసుకుంటి," అంది.

ఆమె గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే నాకు కొంత నయంగా ఉండేది.

హెడ్డును బస్సులో వేసుకుని కర్నూలు తెచ్చాను. పరీక్షకు కావలసింది కిరసనాయిలు, సుద్దపొడి. హెడ్డును కిరసనాయిల్లో నానబెట్టి, పొడిగుడ్డతో తుడిచి, సుద్ద పూసి, కొయ్య సుత్తితో మెల్లగా తట్టాలి. పగులు ఉంటే అందులో దాగిన నూనె బయటికి ఊరి, తెల్లటి సుద్ద మీద గీతలాగా తేలుతుంది. పావుగంట పని. ఆ పావుగంట నేను బండి దగ్గర పెట్టలేదు. పొగ పోయే దారి పక్కన, నీళ్ల దారి గోడ మీద నా బొటనవేలంత పొడవు గీత తేలింది. దాని అంచుల్లో పాత తుప్పు ఉంది. పగులు రామక్క దగ్గర పుట్టింది కాదు.

ఆ గీతను సూపర్‌వైజరుకు చూపించాను. ఆయన సరిగా చూడను కూడా చూడలేదు. నీళ్లు పెట్టకుండా ఇంజను తోలి రైతే పగలగొట్టుకుందని రిపోర్టు రాయమన్నాడు. రాయనన్నాను.

"సంతకం నీది కదయ్యా. మునిగితే నువ్వే మునుగుతావు," అన్నాడు నవ్వుతూ.

ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. పరీక్ష చేయకుండా, పై అధికారి చెబితే సంతకం పెట్టానని ఉన్నది ఉన్నట్టు రాసి జిల్లా ఆఫీసుకు పంపాను. షెడ్డులో ఆ హెడ్డును బాగుచేయడానికి ఆయన ఒప్పుకోలేదు, ప్రైవేటు సామాను అన్నాడు. సెలవు పెట్టి ఇంటికి మోసుకుపోయాను.

ఆంధ్ర రాష్ట్ర రాజధాని వచ్చాక కర్నూలులో ఇల్లు దొరకడమే గగనం. మాకున్నది ఒక గది, చిన్న పెరడు. పెరట్లోనే పని పెట్టుకున్నాను. కడుపులో సున్నం కరిగించడానికి యాసిడ్ కొనే శక్తి లేదు. మా ఆవిడ వెంకటలక్ష్మి రాగి చెంబులు తోమే పాత చింతపండు పులుసు పోసి చూడమంది. రెండు రోజులు నానబెట్టి, వంచిన తీగతో గీకితే సున్నం పెళ్లలుగా ఊడింది. పగులు ఇంకా పాకకుండా రెండు కొసల్లో రంధ్రాలు తొలిచాను. గీత పొడవునా ఒకదాన్నొకటి కొరుక్కుని ఉండేటట్టు రాగి మరలు బిగించి, తలలు కోసి, సుత్తితో నలగ్గొట్టాను. వాటి మీద ఇనుప రజను, నవసాగరం తడిపి మెత్తాను. తుప్పు పట్టేకొద్దీ అది గట్టిపడి సందు మూసుకుంటుంది. వాల్వులను ఎమరీ ముద్దతో వాటి గూట్లోనే తిప్పి తిప్పి అరగదీశాను. మందపాటి గాజు పలక మీద ఎమరీ కాగితం పరిచి హెడ్డు అడుగును చదును చేశాను. అరచేతులు బొబ్బలెక్కాయి. అరగదీసినంతసేపూ బండిలో వెండి రంగుతో మెరిసిన ఆ పదకొండే కళ్ల ముందు. ఆ రంగు పూసినవాడికి పగులు ఎక్కడుందో నాకంటే బాగా తెలుసు.

ఆరో రోజు పత్తికొండ బస్సెక్కాను. హెడ్డు బిగించి, ఇంజను తిప్పి, రెండు గంటలు పక్కనే కూర్చున్నాను. నూనెలోకి నీళ్లు రాలేదు. కాలువలో నీళ్లు పారాయి. బావికి దగ్గరి మడులు తేరుకునేటట్టు ఉన్నాయి. చివరి సగం అప్పటికే పోయింది. రామక్క ఎండిన మడిలో ఒక గడ్డ పీకి నా చేతిలో పెట్టింది. గోళీకాయంత ఉంది.

"ఇంగొకరికి ఇట్ల సెయ్యగాకు నాయనా," అంది.

మిగిలిన పదిమందికీ నేనే జాబులు రాశాను. సెలవురోజుల్లో పోయి సుద్ద పరీక్ష చేశాను. పదిలో నాలుగు పగిలినవే. వాటినీ ఒక్కొక్కటిగా మా పెరట్లోనే బాగుచేశాను. ఇంకోచోటికి పంపి బాగుచేయించే స్తోమత ఆ రైతులకూ లేదు, నాకూ లేదు.

వేసవి చివర జిల్లా ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. విధి నిర్వహణలో అశ్రద్ధకు నాకు మందలింపు, కడపకు బదిలీ. మందలింపు న్యాయమే. నా జాబులో పై అధికారిని గురించి రాసిన పేరాకు మాత్రం జవాబు లేదు. సూపర్‌వైజరుకు మరుసటి ఏడు ప్రమోషన్ వచ్చింది. అంగడికి ఇంకో పేరుతో కొత్త బోర్డు కట్టారు. రామక్కకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు, క్షమాపణ కూడా.

కడపలో నేను పని తీరు మార్చుకున్నాను. ఏ ఊరికి పోయినా ముందు రైతులను పిలిచి, వాళ్ల చేతనే హెడ్డుకు సుద్ద పూయించేవాణ్ణి. కాగితం ఆ తరువాతే. అక్కడి అంగళ్లవాళ్లకు ఇది గిట్టలేదు. మా బేరం చెడగొడతాండావని ఒకాయన నా ముఖం మీదే అన్నాడు. అవునన్నాను.

ఆ తరువాత ఇరవై ఎనిమిదేళ్లు పని చేశాను. తెలిసింది ఇది: చూడని వస్తువు మీద సంతకం పెట్టడం పొరపాటు కాదు, మోసంలో వాటా. సర్కారు సంతకాన్ని ఎక్కువగా నమ్మేది దాన్ని చదవలేనివాళ్లే. నేను ఇది నేర్చుకోవడానికి ఎండింది నా చేను కాదు.