బావ మగ్గం మీద స్వీడన్ దెయ్యం

దెయ్యం సినిమా చూడ్డానికి పొద్దున ఎనిమిదింటికే బస్సెక్కినవాణ్ణి ఆదోని మొత్తం మీద నేనొక్కణ్ణే అయివుంటాను. స్వీడన్ వాళ్లు నూరేళ్ల కింద తీసిన మూగ సినిమా అది. దుమ్ము దులిపి డిస్కుగా అమ్ముతున్నారని మోజుపడి తెప్పించుకుంటే, మా ఇంటి ప్లేయరు ఆడనని మొండికేసింది. "దెయ్యానికి గూడా మన ఇల్లు నచ్చల్యా," అంది మా ఆవిడ. ఎమ్మిగనూరులో మా బావ పాత ప్లేయరు మాత్రం ఏ డిస్కునూ కాదనదు.

బస్టాండులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని కిటికీ సీటు పట్టాను. పక్కనున్న పెద్దమ్మ డిస్కు డబ్బా తిప్పి చూసింది. "మాట్లాడని దెయ్యానికి ఎవురు భయపడతారప్పా? మా కోడలు నోరు తెరిస్తే సూడు," అంది. ముందు సీట్లో ఉన్న కోడలు వెనక్కి తిరగలేదు.

తొమ్మిది దాటాక దిగాను. బావ గుంట మగ్గంలో కూర్చుని పంచె నేస్తున్నాడు. సాయంత్రానికి షావుకారుకు అందించాలట. ఆయన నేసిన గుడ్డ తప్పుందని ఇంతవరకు ఒక్కటీ వెనక్కి రాలేదు. ఆ మాట ఆయనే రోజుకు రెండుసార్లు చెబుతాడు. అక్క నా చేతిలో డిస్కు చూసి, "ఈ పొద్దు ఆయప్ప పేరు పోగొట్టేకి వచ్చినావా?" అంది.

"సూస్తానే నేస్తా," అన్నాడు బావ.

టీవీని మగ్గానికి ఎదురుగా తిప్పాం. డిస్కులో రెండు రకాల సంగీతం ఉంది. మగ్గం చప్పుడు ముందు రెండూ ఓడిపోయాయి. ఒకే ఫిల్ము మీద రెండుసార్లు తీశారు కాబట్టి దెయ్యంలోంచి వెనకున్న గోడ కనిపిస్తుంది.

"అడ్డం పోగు, పేక సాల్లేదప్పా. పల్సగా నేసినారు దెయ్యాన్ని," అని బావ తీర్పు చెప్పాడు.

తర్వాత చచ్చినవాడు తనవాళ్ల ముందే నిలబడతాడు. ఎవరికీ కనపడడు. మగ్గం ఆగలేదు గానీ పోగును బిగించే దెబ్బ మెత్తబడింది. "మా నాయన గూడా ఇట్లే వచ్చి నిలబడుంటాడంటావా?" అన్నాడు బావ. ఆయనకు ఇదే గుంటలో కూర్చోబెట్టి నేత నేర్పింది ఆ నాయనే.

మధ్యాహ్నం జొన్నరొట్టె తిన్నాక, నేత ముగించి మగ్గం మీంచి దించిన పంచెను అక్క వెలుగుకు పట్టింది. నాలుగు వేళ్ల మేర నేత పలచబడి, వెనకనున్న ఆమె గాజులు కనిపించాయి. నాకు తల కొట్టేసినట్టయింది. షావుకారు దీన్ని చూస్తే బావ ఇన్నేళ్ల పేరు పోయినట్టే.

బావ ఆ చోటును వేలితో చాలాసేపు తడిమాడు. "షావుకారుకు ఇంగోటి నేసిస్తా, రెండు దినాలు ఆగమను. ఇది అమ్మను. ఈడ మా నాయన నిలబడినాడు," అని పంచెను మడిచి పెట్టెలో పెట్టుకున్నాడు. డిస్కు కూడా తిరిగివ్వలేదు.

నాలుగున్నర బస్సుకు బయల్దేరాను. ఇలాంటి సినిమా చూడాలనుకునేవాళ్లకు నాదొక సలహా. మగ్గం ఉన్న ఇంట్లో చూడండి, ఆ రోజు తొందర పని లేకుండా మాత్రం చూసుకోండి. ఆదోని దగ్గర పడుతుంటే మా ఆవిడ ఫోన్ చేసింది.

"ఏమప్పా, దెయ్యం కనపడిందా?"

"నాకు ల్యా. బావకు కనపడింది," అన్నాను.