పండుకోబెట్టి తెచ్చిన రాయి

నేను చెప్పబోయే దాంట్లో ప్రతి అక్షరమూ నిజం. ఇన్నేళ్లు అన్నం పెట్టిన స్టీరింగు మీద చెయ్యి వేసి, బోయకొండ గంగమ్మ సాక్షిగా చెబుతున్నాను. నన్ను ఎరిగినవాళ్లు ఈ మాటకే నవ్వుతారు. హార్స్లీ హిల్స్ మలుపులు దిగుతూ నా బండి హారన్ చప్పుణ్ణి నేనే దాటేసి వెళ్లానని ఒకప్పుడు చెప్పినవాణ్ణి మరి. ఇది ఆ కోవలోది కాదు.

తొంభైల చివర్లో మదనపల్లెలో ఒక పార్శిల్ ఆఫీసు వ్యాను నడిపేవాణ్ణి. పొద్దున బయలుదేరితే పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం. సాయంత్రానికి మళ్లీ మదనపల్లె. రోడ్డుతో నాకు ఏనాడూ పేచీ లేదు. పేచీ అంతా మనుషులతోనే. పుంగనూరులో ఒకాయన సీలింగు ఫ్యాను అష్టమి నాడు తెచ్చానని వాకిట్లోనే ఆపేసి, దశమి నాడు రమ్మన్నాడు. గంగవరంలో ఒకామె మిక్సీ పెట్టె విప్పించి, నా చేతనే పచ్చడి తిప్పించి, ఉప్పు చాలలేదని సంతకం పెట్టలేదు. బండి ఆలస్యమైతే అందరికీ నాది ఒకటే జవాబు: ఏనుగులు. కుప్పం అడవుల్లో నిజంగానే ఏనుగులున్నాయి కాబట్టి ఎవరూ కాదనలేరు.

వాళ్లందరూ ఒక ఎత్తు, మిషన్ ఆసుపత్రి వెనక సందులో ఉండే సిస్టరమ్మ ఒక ఎత్తు. రిటైరైన నర్సు. పిల్లలు లేరు. భర్త అదే ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి, చనిపోయాడు. ఆయన సమాధి మీదికి కుప్పంలో నల్లరాయి చెక్కిస్తోంది. పైసగంలో ఆయన పేరు, కిందిసగం ఖాళీ. ఆ ఖాళీ తనకు.

మొదటిరోజు నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, సూది వేయబోయే ముందు రోగిని చూసినట్టు చూసింది.

"ఎట్ల తెస్తావప్పా రాయిని?"

"నిలబెట్టి తాడు కడతానమ్మా. సోటు కలిసొస్తాది."

"నిలబెట్టొద్దు. ఆయనకు నడుం నొప్పి. బస్సులో గూడా నిలబడి రాలేడు. పండుకోబెట్టి తీసుకరా. మొగం పైకుండాల."

"రాయికి నడుం యాడుందమ్మా?"

"నీకేం తెలుసు? ఇన్నేండ్లు తైలం పూసింది నేను."

రాయి సమాధుల పండుగ లోపల రావాలని ఆమె పట్టు. ఆ రోజు అందరూ తమవాళ్ల సమాధులకు సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. కాంపౌండరు సమాధి ఒట్టి మట్టి దిబ్బ. వానలకు దిబ్బ అణిగిపోయింది, కొయ్య సిలువను చెదలు తినేసింది.

"నిరుడు పక్కనోళ్ల దిబ్బకు కొవ్వొత్తి పెట్టొచ్చినానప్పా," అంది మెల్లగా. "మర్నాడు కాపలా ఆయన సెప్పినాడు. ఆ రాత్రంతా మాయాయన చీకట్లోనే ఉండాడు."

ఆ తర్వాత నేను నడుం గురించి వేళాకోళం ఆడలేదు.

అయితే మా దారిలో ఒక చిక్కుంది. సమాధి రాయి అని తెలిస్తే హమాలీలు బండి ముట్టరు. పైగా నేను రాయికి వెళ్లిన రోజు పుంగనూరులో ఒక పెళ్లింట దించాల్సిన పట్టుచీరల మూట కూడా అదే బండిలో ఉంది. చావు రాయి పక్కన వచ్చిన చీరను ఏ పెళ్లికూతురు కడుతుంది? అందుకని కుప్పం రాతిపనివాడు తనకు అలవాటైన పనే చేశాడు. నేను టీ తాగి వచ్చేలోగా రాయిని బోర్లా తిప్పి, గోనెపట్ట చుట్టి, పైన సుద్దతో 'సన్నెకల్లు' అని రాసి ఎక్కించేశాడు.

పుంగనూరులో చీరల మూట దించుతుంటే పెళ్లింటి ముసలామె తొంగి చూసింది.

"సన్నెకల్లా? ఇంత పెద్దదా? ఎంతమంది తొక్కుతారప్పా దీన్ని?"

"ఊరంతా తొక్కుతారవ్వా," అన్నాను.

పెళ్లిలో వధువు తొక్కే రాయి ఎదురొచ్చిందని మురిసిపోయి, ఆ అవ్వ లోపలినుంచి పసుపు కుంకుమ తెచ్చి గోనె మీద బొట్టు పెట్టింది.

సాయంత్రం సిస్టరమ్మ గోనె విప్పించింది. రాయి బోర్లా ఉంది. తిప్పితే, గోనెలోకి దూరిన ఇసుక ఒరుసుకుని పేరు నిండా గీతలు.

"మొగమంతా గీరుకుపోయుండాది," అంది. గోనె మీది పసుపును వేలితో ముట్టుకుంది. "ఇది ఎవురు పెట్టినారు?"

"పెండ్లోళ్లమ్మా. తెలీక."

"మా పెండ్లిలో గూడా పసుపు లేదప్పా ఆయనకు." ఆ వేలిని చూసుకుంది. "వెనక్కి తీసుకపో. ఇంగోటి సెక్కమను."

రెండో రాయి తయారయ్యేసరికి పండుగ దగ్గరపడింది. సిస్టరమ్మ అదే ఆసుపత్రిలో, ఒకప్పుడు తాను డ్యూటీ చేసిన వార్డులోనే మంచం పట్టింది. పండుగ ముందురోజు ఇంకే సరుకూ ఎక్కించుకోకుండా, వరిగడ్డి పరిచి, రాయిని మొగం పైకి పండుకోబెట్టి కుప్పం నుంచి బయలుదేరాను. వి.కోట దగ్గర నిజంగానే ఏనుగు అడ్డమొచ్చింది. బండి వెనకవైపుకు నడిచొచ్చి, తొండంతో రాయి పొడుగునా తడిమి, రోడ్డు దిగి వెళ్లిపోయింది.

ఆసుపత్రిలో వార్డుబాయిలు రాయిని స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, ఆమె మంచం పక్కకు తోసుకొచ్చారు. దుప్పటి తీశాను. ఆమె అక్షరాల మీద వేలు పోనిచ్చింది. ఖాళీ సగాన్ని జానతో కొలిచింది. "సాలప్పా," అంది. "అలుపు లేకుండా వచ్చినాడు."

ఇక్కడ ఆపేస్తే బాగుండేది. కానీ గంగమ్మ మీద ప్రమాణం చేశాను కదా, ఒప్పుకోవాలి. ఏనుగే అబద్ధమని మీరు అనుకుంటారు. ఏనుగు నిజం. "సాలప్పా" అన్న మాట నాది.

ఆమె నిజంగా అన్నది ఇది: "మూల సెక్కు లేసుండాది సూడు. వెనక్కి తీసుకపో."

చెక్కు బియ్యపు గింజంత. "సరేనమ్మా" అని స్ట్రెచర్ తోసుకుంటూ బయటికొచ్చాను. బండిని కుప్పానికి తిప్పలేదు. సమాధుల తోటకు పోయి, కాపలా ఆయన చూపించిన దిబ్బ మీద ఇద్దరం కలిసి రాయిని మొగం పైకి పండుకోబెట్టాం. మర్నాడు నా చేత్తోనే కొవ్వొత్తి వెలిగించి, వార్డుకు పోయి చెప్పాను.

"ఏ దిబ్బకు పెట్టినావు?"

"ఆయనకేనమ్మా. ప్రమాణంగా."

"రాయి లేకుండా ఎట్ల గుర్తుపట్టినావు?"

రాయి పెట్టేశానని చెప్పలేను. కాపలా ఆయన చూపించాడని అన్నాను.

"నువ్వు సెప్పే ఏనుగులు గూడా ఇట్లే ఉంటాయి గదప్పా," అని అటు తిరిగి పడుకుంది.

ఆమె పోయాక కుప్పం నుంచి రాతిపనివాణ్ణి పిలిపించి, ఖాళీ సగంలో ఆమె పేరు చెక్కించాను. ఏటా పండుగనాడు అక్కడికి వెళ్లి, ఒక వత్తి ఆయనకు, ఒక వత్తి ఆమెకు పెడతాను. కొవ్వొత్తి ఆయనకే పెట్టానని ఆ వార్డులో నేను చెప్పింది ఆమె నమ్మిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.