ఊట దగ్గర ఆగే బస్సు

మా బాబాయి ఇరవై ఆరేళ్లు ఒకే దారిలో బస్సు నడిపాడు. పొద్దున ఏడింటికి పట్నంలో బయలుదేరి, కొండెక్కి, అవతలి వైపు దిగి, సాయంత్రానికి మళ్లీ ఇల్లు చేరేవాడు. కొండ నడుమ ఒక పల్లె ఉంది. పల్లెకు కాస్త ఇవతల, రోడ్డుకు పది మెట్ల కింద, రెండు బండల సందులోంచి నీటి ఊట. ఎక్కుడు దారికి ఇంజను వేడెక్కి బుసలు కొట్టేది కాబట్టి అక్కడ పది నిమిషాలు ఆపక తప్పేది కాదు. రేడియేటరుకు నీళ్లు పోసేలోపు జనమంతా దిగి దోసిళ్లు పట్టేవారు. ఆలస్యమైందని కండక్టరును తిట్టుకుంటూ దిగినవాళ్లు కూడా నవ్వుతూ ఎక్కేవారట.

తిరుగు ప్రయాణంలో బాబాయి అయిదు లీటర్ల క్యాను నింపి సీటు వెనక పెట్టుకొచ్చేవాడు. అది పిన్నికి. పిన్ని ముందు గదిలో కుట్టుమిషను దగ్గర కూర్చుని స్కూలు యూనిఫారాలు కుట్టేది. పక్కన కిటికీ గట్టు మీద ఆ నీళ్ల చెంబు ఉండాల్సిందే. సెలవులకు వెళితే మాకూ అవే నీళ్లు. "ఏమిటే ఆ గటగటా తాగడం? రుచి చూసి తాగు" అనేది. నాకు రుచేమీ తెలిసేది కాదు కాని, తెలిసినట్టు తల ఊపేదాన్ని.

"ఆ ఊటేదో నాకూ ఒక్కసారి చూపించరాదూ?" అని పిన్ని అడిగినప్పుడల్లా "అదెంత భాగ్యం, వచ్చే నెల వెళదాం" అనేవాడు బాబాయి. వచ్చే నెలకు ఆయన డ్యూటీ మారేది, లేదా స్కూళ్లు తెరిచే రోజులు ముంచుకొచ్చి ఆమెకు ఊపిరాడేది కాదు. చివరికి బాబాయి మోకాళ్లు మొరాయించాయి. క్లచ్చి తొక్కలేక ఉద్యోగం మానేశాడు. క్యాను అటకెక్కింది.

ఇంట్లో ఫిల్టరు పెట్టారు. బాబాయి ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేసేవాడు. "నీళ్లకు కూడా వంకలేనా!" అని పిన్ని విసుక్కునేది కాని, ఆమె గ్లాసూ సగంలోనే ఆగేది. ఒకరోజు పొద్దున్నే ఆమె మిషను మీద గుడ్డ కప్పి, చెప్పులు తొడుక్కుని వచ్చి నిలబడింది.

"లేవండి. మీ వచ్చే నెల ఇవాళే వచ్చింది."

బస్సులో బాబాయి సరిగ్గా డ్రైవరు వెనక కూర్చున్నాడు. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు నేలను నొక్కేది. "బ్రేకు మీ కాలి కింద లేదండీ, కాస్త కుదురుగా కూర్చోండి" అని పిన్ని నవ్వింది. పల్లె దగ్గరపడగానే ఆయన ముందుకు వంగాడు.

"బాబూ, ఊట దగ్గర కాస్త ఆపుతావా?"

"అక్కడ స్టాపు లేదు పెద్దాయనా. ఈ బళ్లు వేడెక్కవు" అన్నాడు డ్రైవరు.

వెనక సీటులోంచి ఒక ముసలమ్మ గయ్యిమంది. "ఆయనెవరనుకున్నావు? నువ్వు పుట్టకముందు నుంచీ ఈ దారిలో బండి తోలినాయన! ఆపు." ఆమె ఆ పల్లె మనిషే. ఒకప్పుడు రోజూ ఊట తొట్టి కడిగి, నీళ్లలో కాళ్లు పెట్టినవాళ్లను దులిపేసేది. బాబాయి కూడా రెండుసార్లు ఆమె చేత చీవాట్లు తిన్నాడు.

డ్రైవరు ఆపాడు. ముసలమ్మతో కలిపి ముగ్గురూ దిగారు, బస్సు వెళ్లిపోయింది.

మెట్ల మీద నాచు. రాతి తొట్టి నిండా కుళ్లిన ఆకులు. నీళ్లు దారి తప్పి పక్కకు పారుతున్నాయి. బాబాయి పై మెట్టు మీదే నిలబడిపోయాడు.

"ఇంటింటికీ కొళాయిలొచ్చాయి నాయనా, ఇక్కడికెవరొస్తారు? నాకా నడుము వంగదు" అంది ముసలమ్మ.

బాబాయి ముఖం చిన్నబోయింది. "నీకు చూపించాలనుకున్నది ఇది కాదు. అప్పుడే తీసుకురావాల్సింది" అన్నాడు పిన్నితో.

పిన్ని చెప్పులు విప్పి, బండలు పట్టుకుంటూ దిగి, మోచేతుల దాకా చేతులు తొట్టిలో పెట్టి ఆకులు తోడడం మొదలుపెట్టింది. ముసలమ్మ పైనుంచి పురమాయిస్తూనే ఉంది. గంటసేపటికి నీళ్లు తేరుకున్నాయి. వేలెడు లావు ధార తొట్టిలో పడింది. పిన్ని దోసిలి పట్టి తాగింది. పళ్లు జివ్వుమన్నాయేమో, కళ్లు మూసుకుంది.

"ఇంత చల్లగా ఉంటాయా! ఇన్నేళ్లూ నాకు వేడినీళ్లు మోసుకొచ్చి పోశారన్నమాట!"

బాబాయి నవ్వాడు. పిన్ని మళ్లీ దోసిలి నింపి పైకి వచ్చేసరికి సగం మెట్ల మీదే కారిపోయాయి. మిగిలిన రెండు గుక్కలూ ఆయన ఆమె చేతుల్లోంచే తాగాడు.

ఆ తర్వాత నెలకోసారి వెళ్లడం అలవాటైంది. పిన్ని తొట్టి కడిగేది, బాబాయి పై మెట్టు మీద కూర్చుని అజమాయిషీ చేసేవాడు. ఆ డ్రైవరు కూడా అడక్కుండానే ఆపసాగాడు. నాలుగేళ్లు అలా జరిగింది. బాబాయి పోయాక పిన్ని మానేస్తుందనుకున్నాం. మానలేదు.

పోయిన వేసవిలో నేనూ వెంట వెళ్లాను. తొట్టి కడిగి పిన్ని బండ మీద చతికిలబడింది. "మీ బాబాయి ఉంటే ఈపాటికి పది తప్పులు పట్టేవారు" అంది. ఇంతలో మలుపులో బస్సు హారను వినిపించింది. నేను గబగబా సంచి అందుకున్నాను.

"కంగారెందుకే? జనం దిగి తాగాలిగా" అంది పిన్ని, పక్కకు జరిగి మెట్లకు దారి ఇస్తూ.