కడిగిన చేయి

బొగ్గు బాయి పని మానేసి ఏళ్లయిన మా ఆయన ఇప్పుడు కాలేయం జబ్బుతో ఆసుపత్రిలో ఉన్నాడు. నర్సు పిల్ల వచ్చి, ఆయన వేలికి క్లిప్పు తగిలించి, దాని మీద వెలిగిన అంకె చూసి వెళ్లిపోయింది. పక్క మంచం దగ్గర ఎవరో వేడినీళ్లలో సబ్బు కలిపారు. ఆ వాసన తగలగానే మరియమ్మక్క గుర్తొచ్చింది.

డెబ్బైల మొదట్లో గోదావరిఖని బొగ్గుగనుల ఆసుపత్రిలో నేను కొత్త నర్సును. మరియమ్మక్క మా వార్డుకు పెద్ద నర్సు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఆమె కేక వినబడితే చాలు, రోగులు బీడీలు దిండు కింద దాచేసేవారు. రక్తంలో ఆక్సిజన్ తగ్గిందని చెప్పే క్లిప్పులు అప్పుడెక్కడివి? పెదవులు, గోళ్లు నీలం తిరిగాయా అని చూడటమే. బొగ్గు తవ్వే వాళ్ల గోళ్లలో ఏ రంగు కనబడుతుంది! అందుకే ఆమె ముందుగా వాళ్ల చేతులు కడగడానికి సబ్బు కలిపిన వేడినీళ్ల గిన్నె తెప్పించేది.

ఒకసారి రాజన్న కాకను తెచ్చారు. కాలేయం చెడి ఒళ్లు పచ్చబడింది, ఒకటే ఆయాసం. మా వార్డులో ఆయాసం అంటే ఊపిరితిత్తుల్లో బొగ్గు దుమ్మే. ఎవరొచ్చినా వెనక దిండ్లు పేర్చి కూర్చోబెట్టడం మాకు అలవాటు. ఆయన్నీ అలాగే కూర్చోబెట్టి, ముక్కుకు ఆక్సిజన్ పెట్టాం. ఆయాసం ఇంకా పెరిగింది.

మరియమ్మక్క ఆయన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, మసి వదిలేదాకా ఒక్కో వేలూ కడిగింది. గోళ్లు నేరేడుపండు రంగులో ఉన్నాయి. దిండ్లు తీయించి, ఆయన్ను మెల్లగా వాల్చి, చెయ్యి వదలకుండా కూర్చుంది. కాసేపటికి గోళ్లలో ఎరుపు తిరిగింది.

"ఇదేందక్కా, ఉల్టా ఉన్నది?" అన్నాను.

"కాలేయం చెడినోళ్లల్ల కొందరికి గిట్లనే ఉంటది. కూసుంటే ఊపిరాడది, పండుకుంటే ఆడ్తది. అందరికి గాదు. మనిషిని చూసి చెయ్యాలె."

డాక్టరుగారు కూడా పరీక్షించి, పడుకోబెట్టే ఉంచమన్నారు. కానీ రాజన్న కాక భార్య లచ్చవ్వ మనసు ఊరుకోలేదు. "గట్ల పండవెడితే పానం పోతది, లేపుండ్రి బిడ్డా" అని ఏడ్చింది. మరియమ్మక్క కడిగిన ఆయన చెయ్యిని లచ్చవ్వ చేతుల్లో పెట్టింది.

"ఈ గోళ్లు చూసుకుంట కూసో వదినె. రంగు మారితే నన్ను పిలువు. నీకు ఇంకో పని లేదు."

సాయంత్రానికి రాజన్న కాక భార్యతో మాట్లాడగలిగాడు. "లగ్గమైనంక నా చేతులు గింత తెల్లగ ఎన్నడన్న చూసినవా?" అని నవ్వాడు. లచ్చవ్వ కూడా ఏడుస్తూనే నవ్వింది.

ఆ జబ్బుకు అప్పట్లో మందు లేదు. కొద్ది రోజులకే ఆయన పోయాడు, లచ్చవ్వ చేతిలో చెయ్యి పెట్టి, ఆయాసం లేకుండా. నేను ఓ మూల నిలబడి ఏడుస్తుంటే మరియమ్మక్క వచ్చి నా తల నిమిరింది. ఆ వెంటనే కసిరింది కూడా: "మొకం కడుక్కొని రా. పక్క మంచమాయన చేతులు ఇంక కడగలే."

ఇప్పుడు నర్సు పిల్లను అడిగితే, క్లిప్పు మీద అంకె బాగానే ఉందంది. అయినా నేను వేడినీళ్లు తెచ్చి మా ఆయన చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాను.

"బాయి దిగుడు బందువెట్టి ఎన్నేండ్లాయె. ఇంక ఏం మసి ఉన్నదని కడుగుతున్నవ్?"

"ఊకో. చెయ్యి ఇటియ్యి."

కడిగి చూశాను. గోళ్లు ఎర్రగానే ఉన్నాయి. చెయ్యి మాత్రం వదలబుద్ధి కాలేదు.